పిల్లల నాటకంలో పిల్లల గొంతు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మాదాపూరు చుట్టుపక్కల బడుల్లో వార్షికోత్సవాల హడావిడి మొదలవుతుంది. మీ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్ల ఉంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం వేళకు రావలసిన పిల్ల రాదు. ఏమంటే "రిహార్సలుందమ్మా" అంటుంది. దుస్తుల అద్దెకింత, మేకప్పుకింత అని చీటీ వస్తుంది. అనుకున్న రోజు రానే వస్తుంది. శిల్పకళా వేదిక లాంటి, 2,500 మంది పట్టే పెద్ద హాలు. వెనకనున్న వెలుగుల తెర మీద కాసేపు కోట, కాసేపు అడవి. మీ అమ్మాయి రుద్రమదేవి వేషంలో కత్తి పట్టుకుని వస్తుంది. హాలంతా దద్దరిల్లేలా డైలాగు వినిపిస్తుంది. మీకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఫోనులో వీడియో తీసుకుంటారు.

ఇంటికి వచ్చాక ఆ వీడియోను ఇంకోసారి నిదానంగా చూడండి. చాలాసార్లు ఆ గొంతు మీ అమ్మాయిది కాదు. ఎవరో ఎక్కడో ముందుగానే చెప్పి రికార్డు చేసిన మాటలవి. మీ అమ్మాయి పెదవులు కదిపింది, చెయ్యి ఎత్తింది, లెక్క ప్రకారం అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసింది. అంతే. రెండు నెలలు కష్టపడి మన పిల్ల నేర్చుకున్నది నోరు కదపడం, మాట్లాడడం కాదు.

ఎవరినో తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. వెయ్యి మంది పిల్లల్ని రెండున్నర గంటల్లో వేదిక ఎక్కించి దించాలి. అందరికీ మైకులు ఎక్కణ్ణించి వస్తాయి? ఒక పిల్ల మాట మరిచిపోయి నిలబడిపోతే తర్వాతి డాన్సుకు ఆలస్యం. అన్నీ ఆలోచించుకుని టీచర్లు రికార్డును ఆశ్రయిస్తారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. నేనూ బడిలో తెలుగు చెప్పినదాన్నే, ఒకటి రెండేళ్ళు నేనూ ఆ పని చేసినదాన్నే. కాని అసలు పిల్లలకు నాటకం ఎందుకు నేర్పాలి అని ప్రశ్న వేసుకుంటే, ఆ రికార్డు మొత్తం ప్రయోజనాన్నే మింగేస్తోందని ఒప్పుకోక తప్పదు. హైస్కూలు పిల్లలకు నాటకం నేర్పడమంటే, సిగ్గుపడి దాచుకున్న వాళ్ళ గొంతును వాళ్ళ చేతనే బయటికి తీయించడం. వేషం, వెలుగు, తెర అన్నీ దాని తర్వాతవే. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది ఈ సంగతే.

ఇదేమీ కొత్త మాట కాదు. మన ఆధునిక తెలుగు నాటకం తొలి అడుగులు వేసిందే విద్యార్థులతో. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో, వకీళ్ళ మోసాల మీద 'వ్యవహార ధర్మబోధిని' అనే నాటకం రాశారు. 1880లో దాన్ని ప్రదర్శించినప్పుడు ఆడినవాళ్ళు ఎవరనుకున్నారు? ఆయన విద్యార్థులే. షేక్‌స్పియరు హాస్యనాటకానికి అనుసరణగా ఆయన రాసిన 'చమత్కార రత్నావళి'ని కూడా వాళ్ళ చేతే ఆడించారు. ఆ పంతులుగారి పుట్టినరోజు ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంటే మన నాటకానికి పుట్టిల్లు ఒక పంతులుగారి తరగతి గది అన్నమాట!

తర్వాత పన్నెండేళ్ళకు, 1892లో, విజయనగరంలో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1897లో అది అచ్చయింది, 1909లో ఆయనే పెంచి తిరగరాశారు. ఆ నాటకం చేసిన మేలు ఏమిటంటే, ఇళ్ళల్లో, వీధుల్లో జనం మాట్లాడుకునే మాట రంగస్థలం మీదికి దర్జాగా వచ్చి నిలబడింది. ఏ మనిషి నోట ఏ మాట పలుకుతుందో ఆ మాటే నాటకానికి కావాలని మనకు తెలిసొచ్చింది.

ఇక రేడియో సంగతి మీకు చెప్పాలా? న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా మన పెద్దవాళ్ళకు ఇంటి మనుషులు. పిల్లల కోసం 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, పిల్లల చేత ఎన్ని నాటికలు వేయించారో! రేడియోలో కిరీటం కనబడదు, పట్టుచీర కనబడదు. గొంతు ఒక్కటే. ఆ గొంతులో రాజసం ఉంటే రాజు, వణుకు ఉంటే ముసలమ్మ. ఆ రోజుల్లో అలా పలికిన పిల్లలకు వేదిక మీద రికార్డు పెట్టవలసిన అవసరం వస్తుందా, మీరే చెప్పండి.

సరే, మరి ఎలా నేర్పాలి? మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పింది. ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, వేషభూషలతో వచ్చేది ఆహార్యం, మనసులో భావం పుట్టి కంట నీరుగా, ఒంట పులకగా బయటపడేది సాత్త్వికం. మన బడుల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, ముందు ఆహార్యంతో మొదలుపెడతాం. దుస్తులవాడికి కబురు వెళ్ళాకే నాటకం మొదలైనట్టు లెక్క. అసలు పిల్లలకు ముందు ఒళ్ళు, తర్వాత మాట, ఆ పైన భావం, అన్నింటికీ చివర వేషం. ఈ వరస ఒక్కటి తిరగేస్తే సగం పని అయినట్టే.

అయితే మాదాపూరులో ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి బండరాళ్ళూ, దుర్గం చెరువూ, కాసిని ఇళ్ళూ ఉన్న ఊరు ఇది. ఆ తర్వాత నలుమూలల నుంచీ జనం వచ్చి పడ్డారు. కంప్యూటరు ఉద్యోగాలకు గుంటూరు, విశాఖపట్నాల వాళ్ళు. ఆ మేడలు కట్టడానికి పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశాల వాళ్ళు. కట్టిన మేడలకు కాపలా ఉండేవాళ్ళు, వాటిలో ఇంటిపని చేసేవాళ్ళు. ఇక్కడి తరగతి గదిలో వీళ్ళ పిల్లలు కలిసి కూర్చున్నారంటే తెలుగు ఒక్కటైనా యాసలు నాలుగు. ఒకరి మాట విని ఇంకొకరు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి కొందరు పిల్లలు మొత్తంగా నోరు మూసేసుకుంటారు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ మేడమ్' తప్ప ఏడాది పొడుగునా గొంతు వినిపించని పిల్లలు నా తరగతిలో ఉండేవాళ్ళు. బడి నాటకాలకు పిల్లల్ని ఎంచేటప్పుడు మనం ఎవరిని పిలుస్తాం? గలగలా మాట్లాడేవాళ్ళనే. మందు అవసరమైనవాళ్ళను వదిలేసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మళ్ళీ మందు పోసినట్టు!

నేను తొమ్మిదో తరగతితో చేసిన ఒక నాటిక సంగతి చెబుతాను. దానితో పద్ధతి మొత్తం మీకు తెలుస్తుంది. పిల్లలు 44 మంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు.

మొదటి రెండు వారాలూ నాటకం ఊసే లేదు. బల్లలన్నీ గోడవారకు జరిపి అందరినీ గుండ్రంగా నిలబెట్టాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అది ఉబికేలా ఊపిరి తీసుకోమన్నాను. వదులుతూ అంకెలు లెక్కపెట్టాలి. మొదటి రోజు 10 దాటనివాళ్ళు, రెండో వారానికి 20 దాటారు. ఆ తర్వాత ఇద్దరిద్దరిని ఎదురెదురు గోడల దగ్గర నిలబెట్టి, అరవకుండా, అవతలివాళ్ళకు వినబడేలా తమ పేరూ, పొద్దున తిన్న టిఫినూ చెప్పమన్నాను. ఇక్కడే అసలు కిటుకు ఉంది. అరుపు గొంతును నొక్కి వస్తుంది, కాసేపటికి గొంతు బొంగురుపోతుంది. మాట ఊపిరి మీద కూర్చుని వెళుతుంది, ఎంత దూరమైనా వెళుతుంది. ఈ తేడా ఒంటికి తెలిస్తే మైకు లేకుండానే వెనక వరసకు మాట చేరుతుంది.

మగపిల్లల విషయంలో ఒక జాగ్రత్త. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో వాళ్ళ కంఠం పెట్టె పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. మాట మధ్యలో గొంతు కీచుమని జారిపోతుంది. తరగతి గొల్లుమంటుంది. అప్పుడు టీచరు కూడా నవ్విందంటే ఆ పిల్లవాడు ఏడాదిపాటు నోరు తెరవడు. ఇది ఎదుగుదల, జబ్బు కాదు అని మొదటి రోజే అందరికీ విడమరిచి చెప్పాలి. ఆ పిల్లలకు పెద్ద పెద్ద కేకలున్న పాత్రలు ఇవ్వకూడదు, పద్యాలు ఎత్తించి హెచ్చుస్వరంలో పాడించకూడదు.

మూడో వారం 'స్టాచ్యూ' ఆడించాను. ఈ ఆట తెలియని పిల్ల ఉండదు కదా. 44 మందినీ నాలుగు జట్లు చేసి, "మన పేటలో వేసవిలో మీరు రోజూ చూసేది ఒకటి బొమ్మలా నిలబడి చూపించండి" అన్నాను. మూడు జట్లు ఒకే బొమ్మ కట్టాయి: నీళ్ళ ట్యాంకరు! పైపు పట్టుకున్నవాడు, బిందెలు పట్టుకున్నవాళ్ళు, పైన బాల్కనీలోంచి తొంగిచూసే ఆమె, గేటు దగ్గర కాపలా మనిషి. కదలిక లేదు, మాట లేదు. అయినా చూస్తే మొత్తం కథ తెలిసిపోతోంది. ఇదీ ఆంగికం. పిల్లలకు సిగ్గు పోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. ఎంచేతంటే ఇక్కడ ఎవరూ ఒంటరిగా నిలబడరు, ఎవరికీ డైలాగు మరిచిపోతానన్న భయం ఉండదు.

తర్వాత ఆ బొమ్మలో ఒక్కొక్కరి భుజం తట్టాను. తట్టినవాళ్ళు ఆ క్షణంలో ఆ మనిషి మనసులో ఉన్న ఒకే ఒక్క మాట పైకి చెప్పాలి. "ఇవాళైనా తల స్నానం చేస్తానా" అంది ఒక పిల్ల. "ఇంకో రెండు ట్రిప్పులు కొట్టాల" అన్నాడు డ్రైవరైన కుర్రాడు. ఎవరూ రాసి ఇవ్వని మాటలివి. నాటకం రాయడం అక్కడ మొదలైంది.

ఆ పైవారం ఒక కుర్చీ వేశాం. ఒక పాత్ర వచ్చి అందులో కూర్చోవాలి, తక్కినవాళ్ళు ప్రశ్నలు వెయ్యాలి. ట్యాంకరు డ్రైవరును అడిగారు: "అన్నా, నీ ఇంటికి నీళ్ళెవరు తెస్తరు?" కూర్చున్న కుర్రాడు ఒక నిమిషం ఆలోచనలో పడ్డాడు. "నేనింటికి పొయ్యేసరికి రాత్రి పన్నెండయితది. మా ఆమెనే తెస్తది" అన్నాడు. చూశారా, ఆ ఒక్క ప్రశ్నతో కుర్రాడికి ఒక మనిషి బతుకు అర్థమైంది. పాఠంలో పాత్ర స్వభావం గురించి పది వాక్యాలు రాయమంటే గైడు చూసి రాస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే గైడు పనికిరాదు!

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. బ్రిటన్‌లో కోవెంట్రీ పట్టణపు బెల్‌గ్రేడ్ థియేటరు వాళ్ళు 1965లో బడుల్లోకి నాటకాన్ని తీసుకువెళ్ళి, పిల్లల్ని ప్రేక్షకులుగా కాక పాల్గొనేవాళ్ళుగా చేసే పద్ధతి మొదలుపెట్టారు. ఆ దేశంలోనే డొరతీ హీత్‌కోట్ అనే ఆవిడ, టీచరే ఒక పాత్రగా మారి పిల్లల మధ్యకు వెళ్ళి కథ నడిపించే పద్ధతి నేర్పింది. బ్రెజిలు దేశస్థుడు అగస్టో బోల్ ఇంకొక అడుగు వేసి, చూసేవాళ్ళు మధ్యలో ఆపి, "ఇక్కడ అతను ఇలా చేసి ఉండాల్సింది" అంటూ వేదిక ఎక్కి ఆ పాత్రను తామే ఆడి చూపించే నాటకం తెచ్చాడు. మన దేశంలో జాతీయ నాటక పాఠశాల 1989లో పిల్లల కోసం, బడుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. అంతదూరం ఎందుకు, మన బుర్రకథలో లేదా ఈ తెలివి? కథ చెప్పేవాడు ఒకడు, హాస్యానికి ఒక వంత, లోకం సంగతులు కలపడానికి ఇంకో వంత. మధ్యలో ఆపి ప్రశ్నించడం మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. బెరుకు పిల్లలతో ముందుగా బుర్రకథో, ఒగ్గుకథ ధోరణిలో నలుగురు కలిసి అందుకునే వంతపాటో చేయించి చూడండి, మాట ఎంత త్వరగా కదులుతుందో!

మళ్ళీ మా ట్యాంకరు దగ్గరికి వద్దాం. పాత్రలు పంచే రోజు వచ్చింది. ఇక్కడ టీచర్లూ, తల్లులూ కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. బడి నాటకాల్లో తెల్లగా ఉన్న పిల్ల రాణి, నల్లగా ఉన్న పిల్ల దాసి. పొడుగ్గా ఉన్నవాడు రాజు, కాపలాదారు కొడుకు కాపలాదారు. ఇది ఎవరూ కావాలని చేయరు, చెయ్యి అలవాటుగా అటే పోతుంది. కాని ఆ పిల్ల మనసులో అది చెరగని రాతగా పడుతుంది. అందుకని మేం చీట్లు వేశాం. అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ పాత్ర ఎవరికి పడిందనుకున్నారు? ఏడాది పొడుగునా 'ప్రెజెంట్ మేడమ్' తప్ప మాట్లాడని ఒక పాలమూరు పిల్లకు. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పనిచేస్తుంది. కాపలా మనిషి పాత్ర ఒక కంప్యూటరు ఇంజనీరు గారబ్బాయికి పడింది.

పిల్ల మొదట రానంది. నాకు అపార్ట్‌మెంటు భాష రాదంది. "నువ్వు రోజూ వింటూనే ఉంటావుగా, వాళ్ళు ఏమంటారో నీ మాటల్లోనే చెప్పు" అన్నాను. తలవంచుకుని నిలబడింది. కాపలావాడైన అబ్బాయి తన జట్టుతో బిందెలు తెచ్చి ముందు నిలబెట్టాడు. పిల్ల తలెత్తి చూసింది. నడుము మీద చెయ్యి వేసింది. "ట్యాంకరు పైసలు ఎవరు కడుతున్నరు? మేము. ముందుగాల మా సంపు నిండాలె. మిగిలితె మీకు" అంది. అరవలేదు. నెమ్మదిగానే అంది. వెనక గోడ దాకా వినబడింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ అబ్బాయికి చెప్పవలసిన జవాబు కొద్దిసేపు నోట రాలేదు. అదే సాత్త్వికం అంటే. ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది.

ఆ నాటికలో అందరూ ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడారు. శ్రీకాకుళం పిల్లవాడి ట్యాంకరు డ్రైవరు 'ఏటి బాబూ' అంటే, గుంటూరు అమ్మాయి బాల్కనీ ఆంటీ 'ఏంటండీ ఇది' అంది. మాదాపూరు వీధిలో వినబడేది అదే కదా. నవ్వు వచ్చింది, కాని అది పాత్రను చూసి వచ్చిన నవ్వు, యాసను చూసి కాదు. ఈ తేడా పిల్లలకు తెలిసిందంటే నాటకం ఫలించినట్టే.

ఇంత చెప్పాక, నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. అంతకుముందు ఒక ఏడాది, "మీ ఇంట్లో జరిగిన గొడవ ఒకటి ఆడి చూపించండి" అని పిల్లల్ని అడిగాను. సహజంగా ఉంటుందని నా ఆశ. ఒక కుర్రాడు తాగి ఇంటికి వచ్చిన తండ్రిలా నటించాడు. చాలా బాగా చేశాడు. అందరూ పడీపడీ నవ్వారు. వాడూ నవ్వాడు. మర్నాటి నుంచి మూడు రోజులు బడికి రాలేదు. వాడి తండ్రి సంగతి అప్పుడు కాని నాకు తెలియలేదు. పిల్లవాడి గాయాన్ని నలుగురి ముందూ నేనే విప్పించాను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరి సొంత కథా వాళ్ళ చేత ఆడించకూడదు. ఎప్పుడూ ఒక అడుగు ఎడంగా, ఒక కథలో, ఒక కల్పిత మనిషిలో పెట్టాలి. ట్యాంకరు నాటికలో కాపలాదారు కొడుకుకు కాపలా పాత్ర రాకుండా చూడడంలో ఇదీ ఒక కారణమే. 'నాకు ఈ పాత్ర వద్దు' అనే హక్కు ప్రతి పిల్లకూ ఉండాలి. ఎందుకు వద్దో చెప్పమని బలవంతపెట్టకూడదు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చాలామంది తల్లులు "ఇక స్టేజీ ఎక్కొద్దు" అంటారు. మన నాటకరంగంలో చాలాకాలం ఆడపాత్రలు మగవాళ్ళే వేశారు. స్థానం నరసింహారావుగారు ఆడవేషాల్లో ఎంత పేరు తెచ్చుకున్నారంటే 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కళ గొప్పదే. కాని ఆడవాళ్ళు తమ మాట తామే చెప్పుకునే అవకాశం ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా అది చెబుతుంది. దీనికి భిన్నంగా, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తూ వచ్చారు. అమ్మమ్మ, తల్లి, పిల్ల ఒకే నాటకంలో కనబడతారు. అక్కడ పిల్లలకు నాటకం పాఠంగా చెప్పరు. తెర పక్కన నిలబడి చూస్తూ, బాలపాత్రలు వేస్తూ పెరుగుతారు. ఆ సురభివాళ్ళ కాలనీ మాదాపూరుకు దగ్గరలోనే, శేరిలింగంపల్లిలో ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. సెలవుల్లో పిల్లల్ని మాల్‌కు తీసుకువెళ్ళే బదులు ఒక్కసారి సురభి నాటకానికి తీసుకువెళ్ళండి. రికార్డు లేకుండా, హార్మోనియం పక్కన, మనుషులు సొంత గొంతుతో పలికే నాటకం ఎలా ఉంటుందో పిల్లలు చూడాలి.

ఇక తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ట్యాంకరు నాటిక జరుగుతుండగా ఒకావిడ వచ్చి, "మేడమ్, వచ్చే యేడు టెన్తుకొచ్చే పిల్లకు గీ నాటకాలెందుకు?" అంది. న్యాయమైన ప్రశ్నే. వారానికి 80 నిమిషాలు పోతాయి, నిజమే. కాని ఆ 80 నిమిషాల్లో పిల్ల చేసిన పని ఏమిటో చూడండి. విన్నది గుర్తుపెట్టుకుంది, మాటలు కూర్చుకుంది, రాసింది, కొట్టివేసి మళ్ళీ రాసింది, తనకు నచ్చని మనిషి వైపు నుంచి ఆలోచించింది. ఇదంతా తెలుగు పాఠం కాక మరేమిటి? 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో అన్ని బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేయాలని పెట్టారు. ఆ తెలుగు పీరియడ్లలోనే దీనికి చోటుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక కోసం కళల మీద పనిచేసిన నిపుణుల బృందం కూడా సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ పదో తరగతి వరకు తప్పనిసరిగా ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం చదువు వేరు, చదువేతర కార్యక్రమాలు వేరు అన్న గోడ వద్దంది. కాగితం మీద అడ్డేమీ లేదు. అడ్డమంతా మన అలవాటులోనే ఉంది.

మార్కుల మాటకొస్తే, నటనకు మార్కులు వేయకండి. వేస్తే మళ్ళీ గలగల మాట్లాడేవాళ్ళకే పడతాయి. ప్రతి పిల్లా ఒక నోటుపుస్తకం పెట్టి, ఆ వారం తన పాత్ర గురించి కొత్తగా ఏం తెలిసిందో అరపేజీ రాయాలి. దానికి వేయండి. వేదిక ఎక్కడం ఇష్టం లేనివాళ్ళు ఉంటారు. మాట అందించేవాళ్ళు, సామాను చూసుకునేవాళ్ళు, ఖర్చు లెక్క రాసేవాళ్ళు, ప్రేక్షకులను కూర్చోబెట్టేవాళ్ళు, వీళ్ళంతా నాటకంలోవాళ్ళే. మా ట్యాంకరుకు మొత్తం అయిన ఖర్చు ఒక పాత పైపు, ఆరు ప్లాస్టిక్ బిందెలు. అవీ ఇళ్ళనుంచి తెచ్చినవే.

వార్షికోత్సవానికి ఆ నాటికను రికార్డు చేసి ఇమ్మన్నారు. పిల్లలే వద్దన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం బడి ఆవరణలో, చెట్టు కింద, మైకు లేకుండా ఆడారు. తల్లిదండ్రులు ఓ అరవైమంది వచ్చి ఉంటారు, చాపల మీద కూర్చున్నారు. మధ్యలో రోడ్డు మీద నిజం ట్యాంకరే హారను కొట్టుకుంటూ పోయింది. సెక్రటరీ అయిన మా పిల్ల ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, "అగో, వచ్చింది. బిందెలు పక్కకు పెట్టుండ్రి" అని అప్పటికప్పుడు మాట కలిపింది. రికార్డయితే ఆ మాట వచ్చేదా? వెనక చాప మీద కూర్చున్న వాళ్ళమ్మ పక్కనున్న ఆవిడతో "మా పిల్లనే" అనడం నాకు వినబడింది. "గీ నాటకాలెందుకు" అన్నావిడ ఆవిడే.

ఆ పిల్ల ఇప్పుడు పెద్ద నటి అయిందా అని అడగకండి. కాలేదు, కానక్కర్లేదు. ఇంటరు చదివింది. బ్యాంకులో వాళ్ళమ్మ ఖాతా గురించి తనే కౌంటరు దగ్గర నిలబడి అడిగి పని చేసుకొస్తోందని వాళ్ళమ్మ చెప్పింది. నేను నేర్పిన నాటకానికి అంతకు మించిన బహుమతి నాకు అక్కర్లేదు.

కాబట్టి అమ్మలారా, ఈసారి వార్షికోత్సవం చీటీ చేతికి వచ్చినప్పుడు దుస్తుల అద్దె ఎంత అని చూసుకోవడం ఎలాగూ తప్పదు. దాంతోబాటు బడివాళ్ళను మర్యాదగా ఇంకొక్క మాట కూడా అడగండి: "మేడమ్, నాటకంలో మాట్లాడేది మా పిల్లేనా?" నలుగురు తల్లులు అడిగితే టీచర్లకు బలం వస్తుంది. వాళ్ళలో చాలామందికి కావలసిందీ అదే. అంతవరకు, రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి, పిల్ల చెప్పబోయే మాటను మధ్యలో అందుకోకుండా, యాస దిద్దకుండా, ఓ పది నిమిషాలు వినండి. నాటకం నేర్పడానికి అదే తొలి పాఠం.